ఆపరేటర్ల ప్రాధాన్యక్రమము – సాహచర్యము

వాషర్‌మెన్‌పేట్‌లోని ఎం. సి. రోడ్డు జౌళి అంగళ్లకు ప్రసిద్ధము. అచ్చటి యొక అంగడిలో లెక్కలు వ్రాయు తెలుగు యువకుడొకడు కొంతకాలము క్రిందట నాకడకు వచ్చి తన చిక్కును చెప్పుకొనెను. చీర వెల 500 రూపాయలు; చీరకు తగ్గింపు 50 రూపాయలు; అమ్మినవి 4 చీరలు. చేతి కాలిక్యులేటరుపై 500 − 50 × 4 అని వరుసగా నొక్కినచో 1800 వచ్చును. గుణకారమునకు నక్షత్రపు గుర్తు నుంచి, అదే వరుసను పైథాన్ భాషలో వ్రాయగా 300 వచ్చినది. తక్కిన 1500 రూపాయలు ఏమైనవని యజమాని అతనిని శంకించెను.

యంత్రములు రెండును తప్పు చేయలేదు. సామాన్యపు కాలిక్యులేటరు నొక్కినది నొక్కినట్లే తీర్చును: మొదట 450, పిదప దానికి నాలుగింతలు. 1957లో ఐ.బి.ఎమ్. వారు వెలువరించిన ఫోర్ట్రాన్ మొదలుకొని పెక్కు భాషలు బీజగణిత సంప్రదాయము ననుసరించి, తీసివేతకంటె గుణకారమును ముందు చేయును. దీనినే ఆపరేటర్ల ప్రాధాన్యక్రమ మందురు. (500 - 50) * 4 అని కుండలీకరణము లుంచినచో పైథానును 1800 అనియే చెప్పును.

మన భాషలోను ఈ సందిగ్ధము లేకపోలేదు. 'పాత బట్టల అంగడి' యనగా పాతబట్టల నమ్ము అంగడియా, పాతదైన బట్టల అంగడియా? మనము సందర్భమును బట్టి గ్రహింతుము. యంత్రమునకు సందర్భము తెలియదు. దానికి నియమమే కావలెను.

ఒకే గుర్తు వరుసగా వచ్చినపుడు ఏ వైపునుండి తీర్చవలెనో తెలుపునది సాహచర్యము. 10 - 4 - 3 అనునది ఎడమనుండి 3 అగును. కుడినుండి తీర్చినచో 9 అగును. ఐవర్సన్ 1962లో ప్రకటించిన గ్రంథమునుండి పుట్టిన ఏ.పి.ఎల్. భాషలో, ప్రాధాన్యభేద మేమియు లేక, అంతయు కుడినుండియే సాగును. ఘాతముల విషయమున భేదము మరింత వింత. పైథానులో 2**3**2 అనునది 512; ఎక్సెల్‌లో 2^3^2 అనునది 64. అంగడివారు ఎక్సెల్‌ను కూడ వాడుదురు గనుక ఇది అతనికి వ్రాసియిచ్చితిని.

భాషా నిర్మాతలకును ఈ క్రమము చిక్కులు తెచ్చినది. డెన్నిస్ రిచీ నిర్మించిన సీ భాషలో, 6 సరిసంఖ్యయా యని పరీక్షింప 6 & 1 == 0 అని వ్రాసినచో, మొదట 1 == 0 అను పోలికయే జరిగి, సరిసంఖ్య కాదను ఫలితము వచ్చును. పైథానులో సరిసంఖ్యయనియే వచ్చును. పూర్వభాషయైన బీలో & గుర్తే 'మరియు' అను తార్కికార్థమునకును చెల్లెడిది. ఆ పనికి సీలో && ప్రత్యేకముగా వచ్చినను, అదివరకు వ్రాసిన ప్రోగ్రాములు చెడునని & గుర్తు స్థానమును మార్చలేదు. మార్చియుండిన మేలని రిచీయే 1993లో వ్రాసినారు.

మా యువకుడు కుండలీకరణములు చేర్చి యజమానికి 1800 చూపెను. అతని కాలిక్యులేటరుపై కుండలీకరణముల మీటలు లేవు. అచ్చట మాత్రము పాత వరుసనే నొక్కుచున్నాడు.