గుహలో ఖడ్గమృగం, కొండల్లో గణేశుడు

మీకు తెలుసా? బీచుపల్లి ఆంజనేయస్వామికి మొక్కుకుని, తుంగభద్ర దాటి కర్నూలు మీదుగా వెళ్తే బేతంచెర్ల దగ్గర బిలస్వర్గం గుహలున్నాయి. 1880ల్లో భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు హెన్రీ ఆ గుహలు తవ్వారు. దొరికిన ఎముకల్లో ఖడ్గమృగానివీ ఉన్నాయి! 1886లో శిలాజ శాస్త్రవేత్త లిడెక్కర్ దానికి కర్నూలు పేరు కలిపి ‘రైనోసెరాస్ కర్నూలియెన్సిస్’ అన్నాడు.

అంతకు ముందే హిమాలయ పాదాల శివాలిక్ కొండల్లో శిలాజ పరిశోధకులు ఫాల్కనర్, కాట్లీ మరింత పెద్ద జంతువుల శిలాజాలు సేకరించారు. వాటిలో కొన్నిటికి మన దేవుళ్ల పేర్లే పెట్టారు: జిరాఫీ బంధువు ‘శివథీరియం’, పొడవాటి దంతాల ఏనుగు ‘గణేశ’. ఆ దంతాలు ఎంత దగ్గరగా ఉంటాయంటే, మధ్య తొండానికి చోటే లేదు. అక్కడే దొరికిన మహా తాబేలును చూసి ఫాల్కనర్ కూర్మావతారాన్నీ, గరుత్మంతుడి గజకచ్ఛపాల కథనూ ప్రస్తావించాడు.

ఆ శివాలిక్ ఎముకలను చిత్రకారుడు జి.హెచ్. ఫోర్డ్ గీసిన తీరు ఈనాటికీ అబ్బురమే. అయితే ఎముకకు కండ తొడగడం చిత్రకారుడికి అసలు పరీక్ష. అందుకే తొలినాటి బొమ్మల్లో శివథీరియానికి పొట్టి తొండం కూడా మొలిచింది.