మోటారుసైకిల్ సమీక్షలో ఏమి చూడాలి?

విద్యార్థులారా! వేగానికీ, దూరప్రయాణానికీ అనువుగా తయారుచేసే బండిని స్పోర్ట్ టూరింగ్ మోటారుసైకిల్ అంటారు. మధ్యస్థ సామర్థ్యం గల కవాసకి నింజా 650ని ఉదాహరణగా తీసుకుందాం.

దీని ఇంజనులో రెండు సిలిండర్లుంటాయి. ఒక్కొక్కదాని వ్యాసం 83 మిల్లీమీటర్లు, అందులో పిస్టన్ కదిలే దూరం 60 మిల్లీమీటర్లు. స్తూపం ఘనపరిమాణ సూత్రంతో లెక్కకట్టండి. రెండింటికీ కలిపి 649 ఘన సెంటీమీటర్లు వస్తుంది. సమీక్షల్లో కనిపించే 'సీసీ' అంటే ఇదే.

ఈ ఇంజను సామర్థ్యం సుమారు 68 హార్స్‌పవర్. ఆ అంకె చూసి మురిసిపోకండి. బండి ఎంత దూరంలో ఆగుతుందో కూడా చూడండి. పొడి రోడ్డుపై బ్రేకు వేస్తే, వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 8 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సుమారు 17 మీటర్లలో ఆగుతుంది. వేగం 120 అయితే 35 మీటర్లు చాలవు, దాదాపు 70 కావాలి. గతిజశక్తి వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉండడమే దీనికి కారణం. పైగా అపాయాన్ని గమనించి బ్రేకు నొక్కేలోపు ఒక్క సెకను గడిచినా బండి మరో 33 మీటర్లు దూసుకుపోతుంది.

ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా కాపాడుతుంది కాని, ఈ సూత్రాన్ని మార్చజాలదు. కనుక సమీక్షలో మీరు ముందుగా చదవవలసింది బ్రేకుల గురించి, టైర్ల గురించి.