అంపైర్‌ లేని ఆట... అమ్మాయికీ చోటు
చెన్నై తీరాన వేళ్లూనిన ‘అల్టిమేట్‌’... నెల్లూరు ఇసుక తిన్నెలకూ నప్పే క్రీడ

నెల్లూరు: సాయంత్రమైతే చాలు... మైపాడు నుంచి తుమ్మలపెంట వరకు తీర గ్రామాల ఇసుకలో వాలీబాల్‌ నెట్టు, కబడ్డీ గీత, కర్రముక్కల వికెట్లు వెలుస్తాయి. ఆడేది మాత్రం ఎక్కువగా మగపిల్లలే. బడి నుంచి వచ్చి, ఇంటి పనిలో తల్లికి సాయపడే ఆడపిల్ల గట్టున నిలిచి చూడవలసిందే.

ఇక్కడికి దాదాపు 175 కిలోమీటర్ల దూరంలో, ఇదే బంగాళాఖాతం ఒడ్డున, చెన్నైలోని బీసెంట్‌నగర్‌ తీరంలో దృశ్యం వేరు. ఒకే జట్టులో అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి పరుగెడుతుంటారు. బంతి లేదు, బ్యాటు లేదు. ఉన్నదల్లా 175 గ్రాముల ప్లాస్టిక్‌ పళ్లెం. ఆ ఆట పేరు ‘అల్టిమేట్‌’. జనం నోట అది ‘అల్టిమేట్‌ ఫ్రిస్బీ’.

పళ్లెం పుట్టిల్లు

ఫ్రిస్బీ అన్నది ఒక కంపెనీ వ్యాపార నామం. అమెరికాలోని కనెక్టికట్‌ రాష్ట్రంలో ఫ్రిస్బీ అనే బేకరీ ఉండేది. దాని ఖాళీ రేకు పళ్లేలను విద్యార్థులు విసురుకుని ఆడేవారు. వాల్టర్‌ ఫ్రెడరిక్‌ మోరిసన్‌ రూపొందించిన ప్లాస్టిక్‌ పళ్లేన్ని ‘వామ్‌-ఓ’ కంపెనీ 1957లో మార్కెట్లోకి తెచ్చి, ఆ పేరే పెట్టింది. న్యూజెర్సీ రాష్ట్రంలోని కొలంబియా హైస్కూలు విద్యార్థులు 1968లో దానితో జట్ల ఆటను మొదలుపెట్టారు. వారిలో ప్రముఖుడైన జోయెల్‌ సిల్వర్‌ తరువాతి కాలంలో హాలీవుడ్‌ నిర్మాతగా పేరుగాంచాడు. 2001 నుంచి ప్రపంచ క్రీడోత్సవాలలో ఈ ఆటకు పతకాలు ఇస్తున్నారు. ప్రపంచ ఫ్లయింగ్‌ డిస్క్‌ సమాఖ్యకు అంతర్జాతీయ ఒలింపిక్‌ కమిటీ 2015లో పూర్తి గుర్తింపునిచ్చింది. అయితే ఒలింపిక్స్‌ పోటీల్లో దీనికి ఇంకా చోటు దక్కలేదు.

మన దేశంలో చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌, అహ్మదాబాద్‌, ఢిల్లీ వంటి నగరాల్లో జట్లున్నాయి. చెన్నైలో కంప్యూటర్‌ ఉద్యోగులు, కళాశాల విద్యార్థులతో పాటు తీరంలోని కుప్పాల పిల్లలు కూడా పళ్లెం పట్టడం ఈ ఆట ప్రత్యేకత. ఇంగ్లిషు ధారాళంగా మాట్లాడేవాడూ, వేటకు వెళ్లే వాని కొడుకూ ఒకే జట్టులో నిలిచారు. అక్కడి ‘ఫ్లై వైల్డ్‌’ జట్టుపై తీసిన ‘175 గ్రామ్స్‌’ అనే చిన్న డాక్యుమెంటరీ 2015లో అమెరికాలోని సన్‌డాన్స్‌ చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. అదే ఏడాది లండన్‌లో జరిగిన 23 ఏళ్లలోపు వారి ప్రపంచ పోటీలలో భారత జట్టు పాల్గొంది.

ఆడే తీరు

మైదానం నిడివి 100 మీటర్లు, వెడల్పు 37 మీటర్లు. రెండు చివరలా 18 మీటర్ల లోతున గోల్‌ ప్రాంతం ఉంటుంది. జట్టుకు ఏడుగురు. పళ్లెం చేతికందిన వారు పరుగెత్తరాదు. ఒక కాలు నేలకు ఆనించి, పది సెకన్లలోగా సహచరునికి విసరాలి. ఎదుటి ఆటగాడు ఆ సెకన్లను పైకి లెక్కిస్తుంటాడు. పళ్లెం నేలను తాకినా, గీత దాటినా, ప్రత్యర్థి అందుకున్నా అవకాశం అవతలి జట్టుకు పోతుంది. ప్రత్యర్థి గోల్‌ ప్రాంతంలో సహచరుడు పట్టుకుంటే ఒక పాయింటు. ఒకరినొకరు తోయడం, పట్టి లాగడం నిషిద్ధం.

తీరంలో ఆడే పద్ధతి ఇంకా తేలిక. జట్టుకు ఐదుగురు చాలు. మైదానం 75 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు. మిశ్రమ విభాగంలో ఐదుగురిలో ముగ్గురు ఒక వర్గం, ఇద్దరు మరో వర్గం ఉండి తీరాలి. అంటే అమ్మాయిలు లేనిదే జట్టే లేదు. ఆడపిల్లను పిలవడం ఇక్కడ దయ కాదు, నిబంధన.

తీర్పు ఎవరిది?

ఈ ఆటకు అంపైర్‌ ఉండడు. ప్రపంచ పోటీలలో సైతం ఆటగాళ్లే తీర్పరులు. తనకు అన్యాయం జరిగిందనుకున్నవారు ‘ఫౌల్‌’ అని పిలుస్తారు. ఎదుటివారు ఒప్పుకుంటే సరి. ఒప్పుకోకుంటే ఇద్దరూ క్లుప్తంగా మాట్లాడుకుంటారు. అయినా తేలనప్పుడు పళ్లెం విసిరిన వారి చేతికే తిరిగి వెళ్లి, ఆట అక్కడి నుంచి మళ్లీ సాగుతుంది. మ్యాచ్‌ ముగిశాక ఒక జట్టు మరో జట్టు నడతకు మార్కులు వేస్తుంది. నియమాల అవగాహన, దేహ స్పర్శ, న్యాయబుద్ధి, నిగ్రహం, మాటతీరు... ఈ ఐదింటికీ తలా నాలుగు చొప్పున ఇరవై మార్కులు. గెలిచిన జట్టుకే కాక, మంచి నడత చూపిన జట్టుకూ బహుమతి ఇవ్వడం ఆనవాయితీ. ఊరి తగవును పెద్దల ఎదుట కూర్చుని తేల్చుకునే తీర గ్రామాల వారికి ఈ పద్ధతి మరీ కొత్తగా తోచదు.

మన తీరానికి ఎందుకు తగును?

మెత్తని ఇసుకలో ఎగిరి పడినా దెబ్బ తక్కువ. పాదరక్షలు అక్కరలేదు. నెట్టు, స్తంభాలు అక్కరలేదు. హద్దులకు నాలుగు గుర్తులు, ఒక్క పళ్లెం చాలు. అయితే బజారులో దొరికే తేలికపాటి బొమ్మ పళ్లేలు గాలికి వణుకుతాయి. 175 గ్రాములది గిరగిరా తిరుగుతూ, ఆ భ్రమణ బలంతోనే నిలకడగా సాగుతుంది. మణికట్టు విదిలింపులోనే దాని కిటుకంతా ఉంది. సముద్రపు గాలి హెచ్చకముందే, అంటే తెల్లవారుజామున నేర్చుకోవడం సులువు. గాలి పెరిగాక ఎదురుగాలికి తక్కువ ఎత్తున విసరడం రెండో పాఠం.

ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకు 61 రోజులు తూర్పుతీరంలో మరపడవల వేటకు నిషేధం. బడులకు వేసవి సెలవులూ అప్పుడే. పడవలు ఒడ్డున, పిల్లలు ఊళ్లో. నేర్పేవారుంటే ఇంతకు మించిన అదను లేదు. పట్టపుపాలేలలో నేటికీ తమిళం కలిసిన మాట వినిపిస్తుంది. చెన్నై కుప్పాల ఆటగాళ్లతో మాట కలవడానికి భాష అడ్డు రాదు.

జాగ్రత్తలు తప్పవు

మైదానాన్ని అలలకు దూరంగా గీయాలి. పళ్లెం నీటిలో పడితే పిల్లలు వెంట పరుగెత్తరాదు. పెద్దలే తేవాలి, లేదా వదిలేయాలి. వలలు ఆరబెట్టే చోటు, పడవలు లాగే దారి విడిచి, ఊరి కాపులతో మాట్లాడుకున్నాకే గీతలు గీయాలి. ఇసుకలోని సీసా ముక్కలు, గాలాలు ముందుగా ఏరివేయాలి.

కన్నవారి ప్రశ్న ఒకటే... ‘దీంతో ఉద్యోగం వస్తుందా?’ అని. స్పోర్ట్స్‌ కోటాపై ఆశ ఉన్నవారు ప్రభుత్వ ఉత్తర్వులలోని క్రీడల జాబితాను చూసుకున్నాకే నిర్ణయించుకోవాలి. కబడ్డీ, వాలీబాల్‌ మానుకుని ఇటు రమ్మనడం సబబు కాదు. కానీ పదమూడేళ్లకే ఆటకు దూరమయ్యే ఆడపిల్లకు సర్టిఫికెట్‌ కన్నా ముందు కావలసింది ఇసుకలో కాస్త చోటు. తప్పు తనదైతే ఒప్పుకోవడం, కాకుంటే తలెత్తి చెప్పడం... ఈ రెండూ నేర్పే ఆటకు ఖర్చు ఒక మంచి క్రికెట్‌ బ్యాటు కన్నా తక్కువే.