హరిత సుకూక్

పర్యావరణ రక్షణకు ధనమెక్కడిదని వ్యాపారులు తరచు అడుగుదురు. దీనికి మలేషియా 2017లో ఒక సమాధానం చూపింది. ఇస్లాంలో వడ్డీ నిషిద్ధం గనుక, ఋణపత్రాల స్థానంలో ‘సుకూక్’ పత్రాలున్నవి. వాటి రాబడి ఒక నిజమైన ఆస్తితోనో, పనితోనో ముడిపడి ఉండాలి. ఆ ధనాన్ని పర్యావరణానికి మేలుచేయు పనులకే కేటాయించినచో అది హరిత సుకూక్. సబా రాష్ట్రంలోని కూదత్‌లో 50 మెగావాట్ల సౌరవిద్యుత్తుకై తాదావు ఎనర్జీ సంస్థ 25 కోట్ల రింగిట్ల పత్రాలు విడుదల చేసింది. ప్రపంచంలో మొదటి హరిత సుకూక్ అదే. మరుసటి సంవత్సరం ఇండోనేషియా ప్రభుత్వం ఇదే మార్గాన 125 కోట్ల డాలర్లు సేకరించింది.

అయితే పేరులోని పచ్చదనాన్ని మేము అంతగా నమ్మము. ధనం దేనికి వ్యయమైనదో, ఎంత కాలుష్యం తగ్గినదో వెల్లడి చేయు నిబంధనలోనే దీని బలమున్నదని మా అభిప్రాయం. ఇంజనీరు కొలిచి చెప్పనిదే బ్యాంకరు ఆ లెక్క వ్రాయజాలడు. ఇండోనేషియా అట్టి నివేదికలను ఏటేటా ప్రచురిస్తున్నది.