పులుపెక్కిన కాగితం: గోదావరి కాలేజీల పాత పుస్తకాలకు ఎంత గడువు?

పుస్తకం ఎంత పాతదైతే అంత త్వరగా శిథిలమవుతుందని అనుకుంటాం. కాలేజీ లైబ్రరీలో పాత బీరువా తెరిస్తే ఈ లెక్క తిరగబడుతుంది. 19వ శతాబ్దం తొలినాళ్ల పుస్తకాల్లో ఎక్కువ భాగం గుడ్డపీలికల గుజ్జుతో చేసిన కాగితమే. అది ఇప్పటికీ మెత్తగా వంగుతుంది. 1940ల నాటి నవల పేజీ తిప్పితే మాత్రం అంచు పుటుక్కున విరిగి ఒళ్లో పడుతుంది.

కారణం కాగితంలో చేరిన పులుపు. కలప గుజ్జు, సిరా పాకకుండా కలిపే పటిక, రోజిన్ అన్నీ ఆమ్లాన్ని పెంచేవే. అమెరికాలో విలియం బారో 1900–1949 మధ్య అచ్చయిన 500 పుస్తకాలను పరీక్షించి, వాటిలో 97 శాతం 50 ఏళ్లకు మించి వాడకానికి ఆగవని 1959లో తేల్చాడు. మన దగ్గర రెండో ప్రపంచ యుద్ధకాలపు కాగితం కరవు కూడా దీనికి తోడైంది. పెళుసుదనం తెలుసుకోవడానికి మూల మడత పరీక్ష ఉంది: పేజీ మూలను ముందుకీ వెనక్కీ మడిచినప్పుడు నాలుగు మడతల్లోపే తెగితే ఆ పుస్తకాన్ని పెళుసుగా లెక్కిస్తారు.

భీమవరం డీఎన్నార్ కాలేజీ, ఏలూరు సీఆర్ఆర్ కాలేజీ 1945లో, నరసాపురం వైఎన్ కాలేజీ 1949లో మొదలయ్యాయి. వాటి తొలి కొనుగోళ్ల కాలం సరిగ్గా ఈ బలహీన కాగితం కాలమే. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీది ఇంకా పాత చరిత్ర, 1853 నాటిది.

మన వాతావరణం ఈ పుస్తకాలకు అసలు పడదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే కాగితం చెడే వేగం సుమారు రెట్టింపవుతుంది. అంటే 22 డిగ్రీల గదితో పోలిస్తే 42 డిగ్రీల మే నెల మధ్యాహ్నం నాలుగింతలు చెడుపు చేస్తుంది. తర్వాత వానలు వస్తాయి. గాలిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్లు అలాగే ఉంటే బూజు పడుతుంది. 45 నుంచి 55 శాతం మధ్య నిలిపితే మంచిది. గోడ చెమ్మ తగలకుండా అరను జానెడు ఎడంగా జరపడానికి డబ్బేమీ అక్కర్లేదు.

ఈ ప్రాంతంలో ఉన్న ఒక వసతిని పెద్దగా పట్టించుకోవడం లేదు. అది రొయ్యల కోల్డ్ స్టోరేజీ. తడిసిన పుస్తకానికి 48 గంటల్లో బూజు పట్టవచ్చు, గడ్డకట్టిస్తే అది ఆగుతుంది. పొడిగా ఉన్న పుస్తకాన్ని గాలి చొరని పాలిథీన్ సంచిలో బిగించి, మైనస్ 20 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచితే పుస్తకాలను తినే పురుగులూ, వాటి గుడ్లూ చస్తాయి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకూడదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారిన గోదావరి ఇది. వరద వచ్చినప్పుడు ఫోన్ చేయాల్సిన కోల్డ్ స్టోరేజీ నంబరు ప్రతి లైబ్రేరియన్ దగ్గర ముందే ఉండాలి.

స్కానింగ్ పెద్ద పని అని భయపడతారు. 200 పేజీల పుస్తకానికి 100 ఫొటోలు చాలు. ఒక్కోదానికి 15 సెకన్లు వేసుకుంటే 25 నిమిషాలు. వెయ్యి పుస్తకాలకు రోజుకు నాలుగు గంటల చొప్పున సుమారు 104 రోజులు పడుతుంది, అంటే ఒక విద్యా సంవత్సరంలోపే. రచయిత మరణించిన 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది. అది తీరని పుస్తకమైనా, అచ్చు ప్రతి తన దగ్గర ఉంటే లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం దాన్ని భద్రపరచడానికి డిజిటల్ రూపంలో దాచుకోవచ్చని కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ చెబుతోంది.

పాత విద్యార్థులారా, ఈ వానాకాలం లోపు ఒక్కసారి మీ కాలేజీకి వెళ్లండి. పుస్తకాలు నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టర్ తీయించి, 1955కు ముందు అచ్చయిన తెలుగు పుస్తకాలు ఎన్నున్నాయో లెక్క పెట్టించండి. ఆ లెక్క తేలేదాకా ఒక్క పుస్తకాన్ని కూడా తూకానికి వేయనివ్వకండి.