పెద్ద కుక్క కుంటుతోందా? బెణుకే అనుకోకండి

గేటు దగ్గర కాపలా కాసే రాట్‌వీలర్ ఒకరోజు ముందుకాలు కుంటుతుంది. ఎక్కడో దూకి ఉంటుంది, బెణికిందిలే అనుకుంటాం. రెండు వారాలైనా తగ్గదు. పైగా ఎముక మీద గట్టి వాపు కనిపిస్తుంది. అప్పుడు ఆలస్యం చేయక పశువైద్యునికి చూపించి ఎక్స్‌రే తీయించాలి. అది ఎముక క్యాన్సర్ కావచ్చు.

ఎవరికి వస్తుంది?

దీని పేరు ఆస్టియోసార్కోమా. కుక్కల ఎముకల్లో పుట్టే క్యాన్సర్లలో నూటికి 85 దాకా ఇదే. గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్, డాబర్‌మన్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతుల్లో ఎక్కువ. సాధారణంగా 7 ఏళ్లు దాటాక వస్తుంది; కొన్నిటికి 2 ఏళ్లలోపే రావచ్చు. ఇది అంటువ్యాధి కాదు.

చికిత్స ఏమిటి?

నొప్పి పోవాలంటే ముఖ్యమైన మార్గం ఆ కాలు తీసివేయడం. "మూడు కాళ్లతో ఎలా బతుకుతుంది?" అని యజమానులు బాధపడతారు. చాలా కుక్కలు కొద్ది రోజుల్లోనే మళ్లీ నడుస్తాయి. అయితే జబ్బు గుర్తించేసరికే నూటికి 90 కుక్కల్లో క్యాన్సర్ కణాలు ఇతర భాగాలకు, ముఖ్యంగా ఊపిరితిత్తులకు చేరి ఉంటాయి; ఎక్స్‌రేలో కనబడవు. అందుకే ఆపరేషన్ ఒక్కటే చేస్తే సగం కుక్కలు 4, 5 నెలల్లోనే చనిపోతాయి. తర్వాత కార్బోప్లాటిన్ వంటి మందులు ఇస్తే సగం కుక్కలు 10 నుంచి 12 నెలలు బతుకుతాయి. నూటికి 20 దాకా 2 ఏళ్లు దాటుతాయి.

ఆపరేషన్ వీలుకాకపోతే నొప్పి తగ్గించే మందులున్నాయి. మనం వాడే ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ మాత్రలు మీ అంతట మీరు వేయకండి, ప్రాణాపాయం. ఏ మందుకూ నొప్పి ఆగనప్పుడు, బాధ లేకుండా సాగనంపడం గురించి డాక్టరుతో మాట్లాడండి. అది నిర్దయ కాదు.

మన పిల్లల సంగతి

ఇదే క్యాన్సర్ ఎదిగే పిల్లల్లో, ముఖ్యంగా మోకాలి దగ్గర, అరుదుగా వస్తుంది. ఒకప్పుడు కాలు తీసేసినా నూటికి 20 మందే బతికేవారు. ఇప్పుడు జబ్బు పాకకముందే ఆపరేషన్, మందులు రెండూ అందితే నూటికి 60 మందికి పైగా 5 ఏళ్లు దాటుతున్నారు. చాలామందికి కాలు కూడా దక్కుతోంది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో కుక్కలకు చేసిన కాలు నిలిపే ఆపరేషన్ల అనుభవం ఇందుకు తోడ్పడింది.

కాబట్టి బిడ్డ మోకాలు రాత్రిళ్లు నొప్పి పెడుతున్నా, వాపు తగ్గకున్నా మాలీషులతో రోజులు గడపకండి. ఒక్క ఎక్స్‌రే తీయించండి.