కారణాంకం దొరక్కుండానే తేలిన నిజం

ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో తేల్చాలంటే చిన్న సంఖ్యలతో వరసగా భాగించి చూడాలని బడిలో చెబుతారు. ఆ దారిలో ఎంతో దూరం పోలేం. 2¹²⁷−1 నే తీసుకోండి. అది 39 అంకెల సంఖ్య. దాని వర్గమూలానికే 20 అంకెలు. అంతదాకా భాగిస్తూ పోవడం మనిషి వల్ల కాదు. అయినా అది ప్రధాన సంఖ్యేనని 1876లో ఫ్రెంచి గణితవేత్త ఎదువార్ లూకా కంప్యూటర్ అనేదే లేని రోజుల్లో నిరూపించాడు. ఫ్రెంచి గణితవేత్త మెర్సెన్ 1644లో ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చిన 2⁶⁷−1 మాత్రం అలాంటిది కాదని కూడా ఆయనే తేల్చాడు. కానీ దాని కారణాంకం ఒక్కటీ చూపలేదు! 193707721, 761838257287 అనే ఆ రెండు కారణాంకాలను అమెరికా గణితవేత్త ఫ్రాంక్ కోల్ 1903లో బయటపెట్టాడు. కారణాంకం ఉందని తెలియడం వేరు, అది చేతికి చిక్కడం వేరు. పెద్ద ప్రధాన సంఖ్యల విలువ వాటి పొడవులో కాక ఈ తేడాలోనే ఉందని నా అభిప్రాయం.

లూకా పద్ధతిని 1930లో గణితవేత్త లేమర్ సరళం చేశాడు. p ఒక బేసి ప్రధాన సంఖ్య, M=2ᵖ−1 అనుకుందాం. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి, Mతో భాగించి శేషం మాత్రం ఉంచుకోవాలి. ఇలా p−2 సార్లు చేశాక 0 వస్తే M ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. p=5, అంటే M=31కి చేసి చూడండి: 4, 14, 8, 0. అసలు భాగించి చూడకుండా కారణాంకాలు లేవని ఎలా నమ్మాలి? ఈ అనుమానం న్యాయమైనదే. వర్గమూలాన్ని మించని ప్రధాన కారణాంకం q ఒకటి Mకు ఉందనుకుందాం. మొదలుపెట్టిన 4 అంటే 2+√3, 2−√3 ల మొత్తమే. ఆ 2+√3ను దానితోనే గుణిస్తూ, ప్రతిసారీ qతో భాగించిన శేషాలనే ఉంచుకుంటే, వచ్చేవన్నీ a+b√3 రూపంలోనే ఉంటాయి. a, b లకు తలా q విలువలే కాబట్టి, సున్నాను వదిలేస్తే మొత్తం q²−1కి మించవు. అంటే M కన్నా తక్కువే. చివర 0 వచ్చిందంటే మాత్రం, ఈ గుణకారంలో 2ᵖ వేర్వేరు విలువలు వచ్చాకే మొదటిది తిరిగొస్తుందని అర్థం. M కన్నా ఒకటి ఎక్కువైన అన్ని విలువలకు అక్కడ చోటే లేదు. కాబట్టి అలాంటి q ఉండదు. ఇంత చిన్న తర్కం అంత పెద్ద సంఖ్యను లొంగదీయడం నాకు గణితంలోకెల్లా అందమైన విషయాల్లో ఒకటి.

2024 అక్టోబరులో ప్రకటించిన ప్రధాన సంఖ్య 2¹³⁶²⁷⁹⁸⁴¹−1కి 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్నాయి. దాన్ని నిర్ధారించిందీ ఈ పరీక్షే. యంత్రం పొరబడొచ్చు కదా అంటే, అందుకే వేర్వేరు ప్రోగ్రాములతో, వేర్వేరు యంత్రాలపై మళ్లీ లెక్కగట్టారు. ఇక దీంతో పనేమిటంటే, ఆ సంఖ్యతో నేరుగా ఏమీ లేదు; రహస్య సంకేతాలకు కొన్ని వందల అంకెల ప్రధాన సంఖ్యలు చాలు. కానీ వాటిలో ఒకటైన ఆర్‌ఎస్‌ఏ సంకేతానికి ఆధారం మాత్రం లూకా నాటి తేడాయే. అలాంటి ప్రధాన సంఖ్యలు రెండు ఎంచుకోవడం తేలిక, వాటి లబ్ధం నుంచి వాటిని విడదీయడం కష్టం. 2ᵖ−1 రూపంలో లేని సంఖ్యల మాటేమిటన్న ప్రశ్నకు 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగర్వాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా జవాబిచ్చారు. ఏ సంఖ్యనైనా, దాని అంకెల సంఖ్యకు బహుపది మేరకే పెరిగే సమయంలో, ప్రధాన సంఖ్యో కాదో తేల్చవచ్చని నిరూపించారు. ఆ పద్ధతీ కారణాంకాలను చెప్పదు. వాటిని అంత త్వరగా పట్టే దారి మామూలు కంప్యూటర్లకు ఇంకా దొరకలేదు. అలాంటి దారి లేదని కూడా ఎవరూ రుజువు చేయలేదు.